ఇంటి కుక్క, పండుగ మొక్క



డిసెంబరు వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ముప్పాతిక వంతు కేకు గురించే ఉంటాయి. గ్రుడ్లు లేకుండా చేయవచ్చునా, ఇసుక పోసిన గిన్నెలో కాల్చవచ్చునా అని. వాటికి జవాబులు ముందే వ్రాసి పెట్టుకున్నాను గాని, ఈ నెల వాటిని ప్రక్కన పెట్టి కుక్కల గురించి వ్రాస్తున్నాను. "క్రిస్మస్ సంచికలో కుక్కలేమిటమ్మా?" అని సంపాదకులు అడిగారు. చదివి చెప్పండి అన్నాను. చదివిన తరువాత మరి అడగలేదు.

మా అన్నయ్యగారిది రేపల్లె దగ్గర ఒక పల్లె. ఆయన ఇంట్లో రాణి అనే నాటు కుక్క ఉండేది. చిన్న పిల్లగా ఉన్నప్పుడు ఎవరో కాలువగట్టు మీద వదిలిపెట్టి పోతే మా వదిన ఒడిలో పెట్టుకొని తెచ్చి పాలు పోసి పెంచింది. రాత్రివేళ పాము వచ్చినా, దొంగ వచ్చినా, చెరువు దగ్గర కాపలాకు వెళ్ళిన అన్నయ్య తిరిగి వచ్చినా మొదట తెలిసేది దానికే. ఆదివారం గుడికి వెంట వచ్చి, ఆరాధన అయ్యేంతవరకు మెట్ల దగ్గర చెప్పుల మధ్య పడుకొనేది. పాస్టరుగారు దానిని "మన ద్వారపాలకురాలు" అనేవారు.

2022 డిసెంబరులో జరిగిన సంగతి ఇది. అప్పటికి రేపల్లె, గుంటూరు జిల్లా నుండి విడిపోయి బాపట్ల జిల్లాలో చేరి ఏడాది కూడా కాలేదు. నేను తెనాలి నుండి మనుమలిద్దరిని వెంటబెట్టుకొని పండుగకు అక్కడికే వెళ్ళాను. ఒట్టి చేతులతో ఎందుకు వెళ్ళాలి, గుడి అలంకరణకు పనికి వస్తుందని మా ఇంటి ముందున్న సైకస్ చెట్టు ఆకులు పది పన్నెండు కోయించి కట్ట కట్టించాను. ఆ చెట్టు ఇల్లు కట్టుకున్న సంవత్సరం మా వారు నాటినది. ఈతచెట్టును పొట్టిగా చేసినట్టు ఉంటుంది, ఆకు నిగనిగలాడుతుంది, కోసిన తరువాత వారం రోజులైనా వాడిపోదు. ఆ సంవత్సరం నడిమధ్యలో కాయలు కూడా పండాయి. నారింజ రంగులో, పెద్ద ఉసిరికాయంత, చూడటానికి ఎంతో ముచ్చటగా ఉన్నాయి. పశువుల పాక బొమ్మ చుట్టూ పేర్చితే బాగుంటుందని అవి కూడా ఒక సంచినిండా కోసుకొని వెళ్ళాను. నిజంగానే బాగున్నాయి. యవనస్థులు ఫొటోలు తీసుకున్నారు.

మిగిలిన కాయలు అన్నయ్య ఇంటి వసారాలో సంచిలోనే ఉండిపోయాయి. పండుగ మరునాడు పిల్లలు వాటితో బంతులాట ఆడారు. వీళ్ళు విసరడం, రాణి నోటితో పట్టుకొని తేవడం. పెద్దవాళ్ళం అరుగు మీద కూర్చొని చూసి నవ్వుకున్నాం కూడా.

ఆ రాత్రే అది వాంతులు చేసుకుంది. పండుగ మాంసం ఎక్కువ తిన్నదిలే అనుకున్నాం. మరునాడు సొంగ కార్చుకుంటూ మూలన పడుకుంది. పిలిస్తే తోక కదిలించింది గాని లేవలేదు. మూడవనాటికి విరేచనంలో నెత్తురు కనబడింది. అప్పటికి ఊరిలో తీర్పు అయిపోయింది, "ఎవరో మందు పెట్టారు" అని. ఎవరో అనడమే గాని అందరి చూపూ ఒక ఇంటి వైపే. అన్నయ్య ఇంటి వెనుక కంచె అవతల ఉన్న పెద్దాయన, మేము బాబాయి అని పిలుస్తాం, మన సంఘస్థుడే. అంతకు నెల ముందు రాణి ఆయన కోడిపెట్టను పట్టుకుంటే కోపంతో, "దీనికి ఎప్పుడో ఏదో ఒకటి పెట్టి చంపుతాను" అని అరిచాడట. ఆ మాట అందరికీ జ్ఞాపకమే. అన్నయ్య ఆ సాయంత్రం కంచె దగ్గర నిలబడి ఆయనను ఏమన్నాడో ఇక్కడ వ్రాయను. ఆయన జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నాల్గవ రోజు ఉదయం దానిని ఆటోలో వేసుకొని పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. డాక్టరుగారు దాని పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశారు, కనురెప్ప తీసి చూశారు. రెండూ పసుపు పూసినట్టున్నాయి. "మందు పెట్టారండీ" అని అన్నయ్య మొదలు పెట్టబోతే ఆయన చెయ్యెత్తి ఆపి, "వాంతిలో ఏమి పడింది?" అని అడిగారు. నారింజ రంగు తొక్కలు పడ్డాయని మా వదిన చెప్పింది. "మీ ఇంట్లో పొట్టి ఈతచెట్టులాంటి మొక్క, ఆకు చివర గుచ్చుకుంటుంది, కుండీలలో పెంచుతుంటారు, అటువంటిది ఉందా అమ్మా?" అన్నారు. లేదు అన్నది వదిన. లేని మాట నిజమే. అది తెనాలిలో మా ఇంటి ముందున్నది.

సెలైను పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. కాలేయం చెడిపోయిందని, మొదటి రోజే తెచ్చి ఉంటే కొంత ఆశ ఉండేదని చెప్పారు. 31వ తేదీ తెల్లవారుజామున రాణి వసారాలోనే, ఆ సంచి ఉన్న చోటనే ప్రాణం విడిచింది.

వాచ్ నైట్ ఆరాధన ఆ రాత్రే. అన్నయ్య గుడికి రానన్నాడు. కుక్క పోయినందుకు కాదు, ఆ ముఖం ఎలా చూడను అని. నేనే కంచె చుట్టూ తిరిగి వెళ్ళి బాబాయి గుమ్మం దగ్గర నిలబడి, "బాబాయ్, తప్పు మాది. నేను తెచ్చిన కాయలు తిని చచ్చింది" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఎక్కడ పాతిపెడుతున్నారమ్మా?" అని అడిగాడు. ఇంకా పెట్టలేదన్నాను. లోపలికి వెళ్ళి పార తీసుకొని నా ముందు నడిచాడు. అన్నయ్యా ఆయనా కలిసి కొబ్బరిచెట్టు క్రింద గొయ్యి తీశారు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. అయినా రాత్రి గుడిలో ఒక్క బల్ల మీదనే కూర్చున్నారు.

ఎలీషా ప్రవక్త గిల్గాలులో ఉన్న కాలమందు కరవు వచ్చినప్పుడు ఏమి జరిగిందో మీకు తెలిసినదే. రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో ఉన్నది. శిష్యులలో ఒకడు పొలములోనికి పోయి, అదేమిటో ఎరుగకయే అడవి తీగ కాయలు బట్టనిండా కోసికొని వచ్చి వంటకుండలో తరిగి వేశాడు. ఆ భాగం ఎన్నోసార్లు చదివాను, ఆదివారపు బడి పిల్లలకు బోధించాను. వాడిని తెలివితక్కువవాడు అనుకొనేదానను. సంచినిండా కాయలు మోసుకుపోయిన తరువాత మరి అలా అనుకోవడం లేదు.

ఇక నేను తెలుసుకొన్న సంగతులు చెబుతాను. డాక్టరుగారు చెప్పినవి, ఆ తరువాత చదివినవి.

సైకస్ చెట్టులో విషం లేని భాగం లేదు. ఆకు, బోదె, వేరు అన్నిటిలోను ఉంది. గింజలో మరీ ఎక్కువ. దానిలోని సైకసిన్ అనే పదార్థాన్ని ప్రేగులలోని సూక్ష్మక్రిములు విడగొట్టినప్పుడు బయటపడే విషం కాలేయాన్ని చంపుతుంది. ఒకటి రెండు గింజలు చాలు, ఒక కుక్క ప్రాణం పోవడానికి. మొదట వాంతులు, సొంగ, నీరసం. ఒక్కొక్కసారి ఒక పూట తేరుకున్నట్టు కనబడుతుంది, దానిని చూసి మోసపోకూడదు. రెండు మూడు రోజులలో కామెర్లు, నెత్తురు విరేచనాలు, ఫిట్స్ వస్తాయి. వైద్యం చేసినా చాలా కుక్కలు బ్రతకవు. సైకస్‌లో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగచెట్టు కాయదు గనుక కొంత నయమే గాని దాని ఆకు కూడా విషమే. మన తిరుమల శేషాచలం కొండలలో పేరీత అని ఒక రకం సైకస్ సహజంగా పెరుగుతుంది. ఒకప్పటి మద్రాసు రాష్ట్రపు అటవీ అధికారి బెడ్డోమ్ దొరగారి పేరు దానికి పెట్టారు. లోకంలో మరెక్కడా సహజంగా పెరగని మొక్క గనుక దానిని కొనడం, అమ్మడం పై కట్టుబాట్లు ఉన్నాయి. మన ఇండ్ల ముందు, కల్యాణమండపాల ముందు ఉండేది జపాను నుండి వచ్చిన రకం.

దీనిని సాగో పామ్ అని కూడా అంటారు గనుక సగ్గుబియ్యం దీనితోనే చేస్తారేమో, మరి మనం పాయసం తాగుతున్నామే అని ఒక సహోదరి నన్ను భయంగా అడిగింది. భయం వద్దు. మన సగ్గుబియ్యం కర్రపెండలం దుంపతో చేసేది. పాయసం మానవద్దు.

సైకస్ తరువాత చెప్పవలసినది గన్నేరు. గన్నేరుపప్పు విషమని మన ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. అయినా ఆ ఎర్ర గన్నేరు కొమ్మలే యవనస్థులు రోడ్డు ప్రక్కల నుండి విరుచుకొని వచ్చి గుడి ద్వారానికి తోరణం కడతారు. జాతీయ రహదారుల మధ్య గన్నేరు ఎందుకు వేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? నీళ్ళు లేకపోయినా బ్రతుకుతుంది, పశువులు ముట్టవు. పశువు ముట్టని మొక్క అంటేనే మనకు తెలియాలి. ఎర్రది గాని, తెల్లది గాని, పచ్చగన్నేరు గాని, దాని పాలు, ఆకు, పువ్వు, గింజ అన్నీ గుండె మీద పనిచేసే విషాలు. గుండె నెమ్మదిస్తుంది, తప్పుతుంది, ఆగిపోతుంది. కూజాలో పువ్వులు పెట్టిన నీళ్ళలోనికి కూడా ఆ విషం దిగుతుంది. కుక్క వచ్చి ఆ నీళ్ళు నాకితే చాలు ప్రమాదమే.

కుక్కలకంటె పాడిపశువులున్న ఇండ్లవాళ్ళు ఇక్కడ ఎక్కువ జాగ్రత్తపడాలి. పచ్చి ఆకు చేదు గనుక గేదె వదిలివేస్తుంది. పండుగ అయిపోయిన తరువాత తోరణాలు విప్పి పెంటకుప్ప మీద పడవేస్తామే, అక్కడ ఎండిన ఆకు గడ్డిలో కలిసిపోతే తెలియక తింటుంది. మేకలైతే చెప్పనక్కరలేదు. ఎండినంత మాత్రాన గన్నేరు విషం పోదు. ఒక పాడిగేదె పోతే ఆ కుటుంబం ఎన్ని నెలలు అప్పులో ఉంటుందో మీకు నేను చెప్పాలా? విప్పిన తోరణాలను గొయ్యి తీసి పూడ్చండి. కాల్చవద్దు, ఆ పొగ కూడా మంచిది కాదు.

ఇప్పుడు ఒక నిరపరాధి సంగతి. క్రిస్మస్ రోజులలో పై ఆకులు ఎర్రగా మారి నక్షత్రంలా విచ్చుకునే మొక్క ఉన్నది కదా, నర్సరీవాళ్ళు పాయిన్‌సెట్టియా అంటారు. నేను బోర్డింగు స్కూలులో చదువుకొనే రోజులలో మా ఆవరణలో గోడ పొడవునా ఉండేది, మేము ఎర్రాకుల చెట్టు అనేవాళ్ళం. ఇప్పుడు కడియం నర్సరీల నుండి చిన్న కుండీలలో వస్తున్నది. ఇది కుక్కలను, పిల్లలను చంపే విషపు మొక్క అని చాలామంది భయపడతారు. నేనూ అలాగే భయపడి, సైకస్‌ను వసారాలో పెట్టుకొని, దీనిని మాత్రం గోడ అవతల పెట్టించినదానను.

ఇది మెక్సికో దేశపు మొక్క. ఆ దేశానికి అమెరికా తరపున మొదటి రాయబారిగా వెళ్ళిన జోయల్ పాయిన్‌సెట్ అనే ఆయన 1828 ప్రాంతంలో తన దేశానికి పంపాడు. ఆయన పేరే మొక్కకు నిలిచింది. 1919లో హవాయి దీవులలో ఒక సైనికాధికారి బిడ్డ దీని ఆకు తిని చనిపోయిందని ఒక కథ పుట్టింది. ఆ కథకు ఆధారం దొరకలేదు. అయినా ఎనభై తొంభై యేండ్లు పుస్తకాలలోనికి ఎక్కి తిరిగింది. 1996లో అమెరికా వైద్యులు కొందరు, ఈ మొక్క తిన్నారని విష నివారణ కేంద్రాలకు వచ్చిన 22,793 ఫిర్యాదులను పరిశీలించి చూస్తే ఒక్కరు కూడా చనిపోలేదు. కుక్క దీని ఆకు నమిలితే పాల వలన నోరు మండి సొంగ కారుస్తుంది, ఒకటి రెండు వాంతులు అవుతాయి, అంతే. అందని చోట పెట్టుకోండి, చాలును. దాని మీద పడిన నింద మాత్రం నూరేండ్లుగా పోవడం లేదు.

కార్డుల మీద కనబడే హోలీ కాయలు, మిస్సల్‌టో కొమ్మలు మన ఊళ్ళలో దొరకవు. మన మామిడి కొమ్మల మీద పాతుకొని పెరిగే బదనిక ఆ మిస్సల్‌టోకు దూరపు చుట్టమే గాని, దానిని గుడికి కట్టేవాళ్ళను నేను చూడలేదు. కాబట్టి వాటిని వదిలేద్దాం.

ఇంట్లో కుండీలలో ఉండే మనీ ప్లాంట్, వెడల్పాటి మచ్చల ఆకుల డిఫెన్‌బాకియా నమిలితే నోటిలో సూదులు గ్రుచ్చినట్టు మంట, వాపు వస్తాయి. ప్రాణం పోవడం అరుదు. దొడ్లలో మొలిచే ఉమ్మెత్త, కంచెకు వేసే అడవి ఆముదం, గురివింద గింజలు, ఇవి పిల్లలకు కూడా అపాయమే. పిల్లలను అడిగి వారి జేబులు ఒకసారి చూడండి. బాపట్లలో మా అమ్మాయి మామగారు సరదాగా గురివింద గింజలతో నక్షత్రం అతికించి గోడకు పెట్టారు. నేను పోయినప్పుడు చెప్పి తీయించాను. కొంచెం నొచ్చుకున్నారు గాని తీశారు.

పిల్లులున్నవారికి ఒక మాట. తెనాలి పూలకొట్లలో కూడా ఈ మధ్య బొకేలలో లిల్లీలు పెడుతున్నారు. అసలైన లిల్లీ జాతి పువ్వు ఆకు గాని, పుప్పొడి గాని పిల్లి నాకినా దాని మూత్రపిండాలు చెడి చనిపోతుంది. కుక్కకు అంత కీడు లేదు, పిల్లికి మాత్రం అది మృత్యువే. పిల్లి ఉన్న ఇంటికి బొకే తీసుకువెళ్ళేవారు లిల్లీ లేకుండా కట్టించుకోండి.

ఎవరూ అనుమానించనిది మరొకటి ఉంది, ఆముదపు పిండి. గులాబీలు పండుగకు పూయాలని నవంబరులో కుండీలకు ఎరువుగా వేస్తాం కదా. ఆ వాసన కుక్కకు చాలా ఇష్టం, కుండీ తవ్వి మరీ తింటుంది. ఆముదపు గింజలోని విషం నూనెలోనికి రాదు, పిండిలోనే మిగిలిపోతుంది. తిన్న కొన్ని గంటలకో మరునాటికో వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలవుతాయి. కుక్క ఉన్న ఇంట్లో వేపపిండి గాని, బాగా మాగిన పశువుల ఎరువు గాని వేసుకోండి. బస్తా మాత్రం అటక మీద పెట్టండి.

మొక్కల సంగతి చెబుతూ కేకును ఎలాగూ తప్పించుకోలేకపోతున్నాను. కేకులో వేసే కిస్‌మిస్, ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఎందుకో చాలాకాలం తెలియలేదు. 2021లో అమెరికాలో జంతువుల విష చికిత్స చేసే వైద్యులు, ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చునని వ్రాశారు. ఆ ఆమ్లం మన చింతపండులో కూడా దండిగా ఉంది, చింతపండు తిని మూత్రపిండాలు చెడిన కుక్కల సంగతి కూడా వారు చెప్పారు. చాక్లెట్టు కూడా పెట్టకూడదు. పిల్లలు ప్రేమతోనే పెడతారు, వాళ్ళకు ముందే చెప్పాలి.

చింతపండు మాట ఎందుకు ఎత్తానంటే, మన పల్లెలలో కుక్క ఏదైనా తిన్నదంటే మొదట చేసే పని చింతపండు రసం గొంతులో పోయడం. లేదా ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు. మా వదిన కూడా రాణికి రెండవరోజు ఉప్పునీళ్ళు పోసింది. అవేవీ వద్దు. ఎక్కువ ఉప్పు కుక్కకు విషమే, ఫిట్స్ తెప్పిస్తుంది. బలవంతంగా పోసిన నీళ్ళు ఊపిరితిత్తులలోనికి పోతాయి. నీరసంగా పడిపోయిన కుక్కకు, వణికే కుక్కకు వాంతి చేయించాలని చూడకండి. నోటిలో ఉన్న ముక్కలు వేలితో తీసి, తడిగుడ్డతో నోరు తుడవండి. ఏమి తిన్నదో ఆ ఆకునో కాయనో, వాంతిలో పడినదానినైనా, ఒక కవరులో వేసుకొని వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. తిన్న గంట రెండు గంటలలోపు తీసుకువెళితే డాక్టరుగారు మందు ఇచ్చి వాంతి చేయించగలరు, కడుపులో మిగిలినదానిని పట్టి ఉంచడానికి బొగ్గు మందు పట్టించగలరు. తెల్లవారనీ, చూద్దాం అనుకున్నామంటే ఆ అవకాశం పోయినట్టే. మేము పోగొట్టుకున్నది సరిగ్గా అదే.

మీ దగ్గరలోని పశువుల డాక్టరుగారి ఫోను నంబరు పండుగకు ముందే అడిగి గోడ మీద వ్రాసుకోండి. పండుగ రోజున ఎవరు అందుబాటులో ఉంటారో కూడా కనుక్కోండి. సంచార పశువైద్య వాహనాల కొరకు 1962 అనే నంబరు కూడా ఉంది. మన రాష్ట్రంలో ఆ వాహనాలు 2022లో మొదలయ్యాయి.

అయితే గుడిని దేనితో అలంకరించాలి అంటారా? కొబ్బరి మట్టలున్నాయి, అరటి బోదెలున్నాయి, బంతిపూలు బస్తాలలెక్కన దొరికే కాలమిది. మల్లెలు, గులాబీలు ఉన్నాయి. సూర్యలంక దగ్గర సరుగుడు తోపులున్నవి, బాపట్లవారు సరుగుడు కొమ్మను నిలబెట్టి క్రిస్మస్ చెట్టు చేస్తే విదేశపు చెట్టుకు ఏమీ తీసిపోదు, అడిగి తెచ్చుకోండి, తోటవాళ్ళకు తెలియకుండా నరకవద్దు. ఖచ్చితంగా సైకస్‌లాంటి ఆకే కావాలంటే అరెకా పామ్ అని నర్సరీలలో ఉంటుంది, అది కుక్కలకు హాని చేయదు. చామంతులు గుడి బల్ల మీద పెట్టుకోండి గాని కుక్క నమిలే చోట వద్దు, వాటివల్ల కూడా వాంతులవుతాయి. మెరుపు దారాలు, రిబ్బన్లు విషం కాకపోయినా మింగితే ప్రేగులలో చుట్టుకుంటాయి, పండుగ కాగానే ఏరి పారేయండి.

మా సైకస్ చెట్టు ఏమైందని చదివేవాళ్ళు అడుగుతారని తెలుసు. జనవరిలో తిరిగి వచ్చి ఇద్దరు మనుషులను పెట్టి వేళ్ళతో సహా తీయించాను. మా వారు నాటిన చెట్టు గనుక ఒకరోజంతా తటపటాయించిన మాట నిజమే. మా మనుమడు వచ్చి, "నానమ్మా, తాతయ్య కోప్పడడులే" అన్నాడు. కాయలు ఒక్కటీ మిగలకుండా లెక్కపెట్టి ఏరి లోతుగా పూడ్పించాను. ఆ చోట నందివర్ధనం వేద్దామనుకున్నాను. విరిచి చూస్తే దాని కొమ్మ నుండీ పాలు కారుతున్నాయి, అడిగితే అది కూడా గన్నేరు కుటుంబమేనన్నారు. చివరకు మందారం అంటు తెచ్చి నాటాను. బాబాయి తన పెరట్లోని ముద్దమందారం కొమ్మ కత్తిరించి, తడి గోనెలో చుట్టి, రేపల్లె నుండి తెనాలికి రైలులో అన్నయ్య చేత పంపించాడు. నిరుడు మొగ్గ వేసింది.

వచ్చే నెల తప్పక కేకు సంగతి, ఇసుక గిన్నెలో కాల్చే పద్ధతితో సహా.